తుర్రి వెతికిన పట్టు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో నేరేడు చెట్లు ఎక్కువ, నీళ్ళు తక్కువ. అక్కడి కొండముచ్చుల గుంపులో తుర్రి అనే పిల్ల ఉండేది. ఎవరైనా ఏదైనా చెప్పబోతే చాలు, పూర్తిగా వినకుండా తుర్రుమనేది. అందుకే దానికి ఆ పేరు. మీలోనూ అలాంటివాళ్ళు ఒకరిద్దరు ఉన్నారని నాకు తెలుసులే, నవ్వకండి.

వాగు పక్కన దూలగొండి తీగ ఒకటి ఉంది. దాని కాయల మీద బంగారు రంగు నూగు ఉంటుంది. అది ఒంటికి తగిలిందా, ఇక దురదే దురద! ఎంత వద్దన్నా తుర్రి ఆ తీగ కిందే ఆడేది. ఏడుస్తూ వస్తే అమ్మ ఒళ్ళో వేసుకుని మందు చేసేది.

"నేర్చుకోవే తుర్రీ. మొదట బురద పూయాలి. ఎండాక దులిపితే నూగు ఊడొస్తుంది. తర్వాత వేపాకు నూరి రాయాలి. ఆ తర్వాత పట్టు..." అనేది అమ్మ.

అప్పటికే వేపాకు చల్లదనానికి తుర్రి కళ్ళు మూతపడేవి. లేచేసరికి దురద తగ్గిపోయేది. అమ్మ చేతుల మీద మాత్రం ఎర్రటి గీతలు కనిపించేవి.

"ఇవేంటమ్మా?" అని అడిగేది తుర్రి.

"ముళ్ళు గీసుకున్నాయిలే" అనేది అమ్మ. ఆ మాట పూర్తయ్యేలోపే తుర్రి తుర్రుమనేది.

పోయిన వానాకాలం వాగు పొంగి అమ్మ కొట్టుకుపోయింది. అప్పటినుంచి తుర్రికి ఏ పండూ రుచించలేదు. అమ్మ కూర్చునే కొమ్మ మీద ఒక్కతే కూర్చునేది. అమ్మ చెల్లెలు బూది పిన్ని దగ్గరికొచ్చి, "ఇలా రావే, పేలు చూస్తాను" అంటే, "నువ్వేమైనా మా అమ్మవా? పో!" అని కసిరేది. పిన్ని పక్క కొమ్మకు వెళ్ళి కూర్చునేది.

ఎండాకాలం వచ్చింది. ఒకరోజు తుర్రికి అమ్మ మీద బెంగ ఆగలేదు. 'దురద పుట్టినప్పుడల్లా అమ్మ ఒళ్ళో వేసుకునేది కదా! మళ్ళీ దురద పుడితే మళ్ళీ వస్తుందేమో' అనుకుంది. తిన్నగా వెళ్ళి దూలగొండి తీగను రెండు చేతులతో ఊపింది. నూగంతా ఒంటి మీద రాలింది. దురద వచ్చింది. అమ్మ మాత్రం రాలేదు.

గోకి గోకి చేతులు పుండ్లు పడ్డాయి. సరిగ్గా ఆ రోజే గుంపు పెద్ద అందరినీ పిలిచి, "వాగు ఎండిపోయింది. నాలుగు రోజుల్లో లోయ దూకి అవతలి కొండకు పోవాలి. కొమ్మ పట్టుకోలేనివాళ్ళు లోయలో పడిపోతారు. వాళ్ళు ఇక్కడే ఉండిపోవాలి" అన్నాడు. నీళ్ళు లేని చోట ఉండిపోవడమంటే ఏమిటో తుర్రికి తెలుసు.

బురద పూసుకుంది. వేపాకు రాసుకుంది. మరి పట్టు? పట్టు అంటే ఏమిటి?

మద్ది చెట్టు మీది పట్టుపురుగును అడిగింది. "పట్టంటే మాదే కదమ్మా!" అని అది గర్వంగా ఒక పాత గూడు ఇచ్చింది. తుర్రి ఆ దారం తీసి పుండ్లకు చుట్టుకుంది. దారం పుండ్లకు అతుక్కుని మంట పుట్టింది. తుర్రి దాన్ని పీకేసి గోక్కుంది.

అడుగంటి బురద మిగిలిన మడుగులో తాబేలు తాతను అడిగింది. "పట్టంటే పట్టుదలే పిల్లా. గోకనని గట్టిగా అనుకో, అంతే" అన్నాడు తాత. గట్టిగానే అనుకుంది. కాస్త కునుకు పట్టగానే చేతులు వాటంతట అవే గోకాయి.

ముళ్ళపంది అత్తను అడిగింది. "అయ్యో, పట్టు వేయడమంటే మందు మందంగా అద్ది ఆకు కప్పడమే!" అని అత్త తనే పట్టు వేసింది. హాయిగా అనిపించి తుర్రి నిద్రపోయింది. లేచి చూస్తే పట్టంతా కింద రాలి ఉంది. చేతుల నుంచి నెత్తురు కారుతోంది. ఇంక ఒక్కరోజే మిగిలింది.

తుర్రి అమ్మ కొమ్మ కింద కూలబడి, "అమ్మా, ఆ ఒక్క మాటా విని ఉంటే ఎంత బాగుండేది!" అని ఏడ్చింది.

పక్క కొమ్మ మీద నుంచి పిన్ని దిగింది. దగ్గరికి రావడానికి జంకి, దూరంగానే నిలబడింది.

"నన్ను కసిరినా సరే, తుర్రీ. ఆ పట్టేమిటో నాకు తెలుసు. చిన్నప్పుడు మా అక్కకు దురద పుడితే నేను చేసేదాన్ని, నాకు పుడితే అక్క చేసేది" అంది.

తుర్రికి పొమ్మనాలనే అనిపించింది. కానీ పిన్ని గొంతు అచ్చం అమ్మ గొంతులాగే ఉంది. ఇన్నాళ్ళూ తను పొమ్మని తరిమింది ఈ గొంతునే కదా! మెల్లగా రెండు చేతులూ చాచింది.

పిన్ని వేపాకు రాసి, తుర్రిని ఒళ్ళో వేసుకుని, రెండు చేతులూ తన చేతుల్లో గట్టిగా పట్టుకుంది. "ఇదే పట్టు. నిద్రలో నువ్వు గోక్కోకుండా. పడుకో తల్లీ" అంది.

తుర్రి లేచేసరికి మర్నాడు తెల్లవారింది. పుండ్లు ఎండి పక్కు కట్టాయి. పిన్ని పట్టు ఇంకా వదల్లేదు. ఆ చేతుల నిండా ఎర్రటి గీతలు.

"ఇవేంటి పిన్నీ?"

"ముళ్ళు గీసుకున్నాయిలే."

తుర్రి ఆ గీతలను చూసింది. తన గోళ్ళను చూసుకుంది. అమ్మ చేతులు గుర్తొచ్చి వెక్కి వెక్కి ఏడ్చింది. ఈసారి తుర్రుమనలేదు. పిన్ని చేతులకు తనే వేపాకు నూరి రాసింది.

ఆ పొద్దున గుంపుతో పాటు ఇద్దరూ లోయ దూకారు. తుర్రి అవతలి కొమ్మను గట్టిగా పట్టుకుంది.

నీతి: మందు తెలిస్తే సరిపోదు, నొప్పి వచ్చినప్పుడు మన చేయి పట్టుకునేవారు కావాలి. అలాంటివారిని కసిరి దూరం చేసుకోకండి.