కొట్టని చెంపదెబ్బ

అనగనగా ఒక ఊళ్ళో ఒక రేకుల బడి. కాలు తీసి సరిగ్గా పడుకోవే, కథ చెబుతుంటే ఆ గెంతులేంటి! ఆ బడిలో హైమావతి అని ఒక పిల్ల. ఇంగ్లీషు క్రియలు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేది. ఈట్, ఏట్, ఈటెన్ అని మొదలెట్టిందంటే ఇక ఆపేవాళ్ళు లేరు.

అక్కడ ఒక పద్ధతి ఉండేది. అప్పజెప్పలేని పిల్లని, చెప్పిన పిల్ల ముక్కు పట్టుకుని చెంప మీద కొట్టాలి. పాపారావు మాస్టారే పిలిచి మరీ కొట్టించేవారు. పాడు పద్ధతి, ఏం చెప్పను!

ఆ ఏడే రాహేలు అని ఇంకో పిల్ల బడిలో చేరింది. మొదటిసారి ఈట్ అని ఆగిపోయింది. హైమావతి వచ్చి ముక్కు పట్టుకుని ఛెళ్ళున కొట్టింది. ఆ తర్వాత ఇంకోరోజు ఈట్, ఈటెడ్ అంది. మళ్ళీ కొట్టింది. మూడోసారి రాహేలు అసలు నోరే తెరవలేదు. హైమావతి అందరికేసీ తిరిగి నవ్వి, ముక్కు మెలిపెట్టి మరీ కొట్టింది. క్లాసంతా పకపకా నవ్వారు.

ఆ సాయంత్రం రాహేలు పుస్తకాల సంచి మూలకి విసిరేసింది. "అమ్మా, నేనింక బడికి పోను. నీతోపాటు మిరపకోతకొస్తా" అంది. ఎందుకే అని ఎంత అడిగినా చెప్పలేదు. తల్లి మరియమ్మ, "ఈ ఒక్క వారం వెళ్ళు తల్లీ, అప్పటికీ వద్దంటే మానేద్దువు గాని" అని బతిమాలింది.

అప్పుడు రాహేలు ఏం చేసిందనుకున్నావ్? కంచం ముందు కూర్చుని చదివింది. ముద్ద నోట్లో పెట్టుకుంటూ ఈట్. నిన్న తిన్న గోంగూర తలుచుకుని ఏట్. చెయ్యి కడుక్కొచ్చి, "ఐ హావ్ ఈటెన్" అని తల్లికి చెప్పేది. అక్షరమ్ముక్క రాని మరియమ్మ "అబ్బో!" అని మురిసిపోయేది.

ఆ తర్వాత ఒకరోజు మాస్టారు కొత్తగా అడిగారు. "నిన్న నేను అన్నం తిన్నాను. ఇంగ్లీషులో చెప్పండి."

హైమావతి లేచి వరసంతా గడగడా చదివేసింది.

"వరస కాదమ్మా, వాక్యం చెప్పు."

"ఐ ఈటెన్..." అని నీళ్ళు నమిలింది. అప్పుడు రాహేలు మెల్లగా లేచి, "యెస్టర్‌డే ఐ ఏట్ రైస్ అండీ" అంది.

"శభాష్! వెళ్ళి దాని ముక్కు పట్టుకో."

రాహేలు వెళ్ళింది. ముక్కు పట్టుకుంది. చెయ్యెత్తింది. హైమావతి కళ్ళు గట్టిగా మూసుకుంది. దెబ్బ పడలేదు.

"కొట్టవేం?" అన్నారు మాస్టారు.

"ఎంత మండుద్దో నాకు తెలుసు మాస్టారూ. నేను కొట్టలేనండీ."

మాస్టారు పుస్తకంలోకి తల దించేసుకున్నారు. హైమావతికి దెబ్బ పడకుండానే చెంప భగ్గుమంది. సిగ్గుతో చచ్చిపోయిందనుకో! తను ఎలా కొట్టిందో, ఎలా నవ్విందో అన్నీ గుర్తొచ్చాయి.

సాయంత్రం హైమావతి, రాహేలు వెనకాలే నడిచింది. కాలవ గట్టు మీద నోరు తెరిచింది, మాట రాలేదు. రాములవారి వీధి మలుపులోనూ రాలేదు. వాళ్ళ గుమ్మంలో మరియమ్మని చూసేసరికి బావురుమంది.

"పిన్నీ, మీ రాహేలుని కొట్టింది నేనే. మూడుసార్లూ నేనే."

"కొట్టారా? నాకు చెప్పలేదేంటే!" అంది మరియమ్మ కూతురి వైపు తిరిగి. ఆ తర్వాత కూతురి చెంప తడిమి చూసుకుంది.

హైమావతిని ఒక్క మాట తిట్టినా బాగుండేది. తిట్టలేదు.

మర్నాడూ రాహేలు బడికెళ్ళింది, మానేస్తానన్న మాటే ఇంక ఎత్తలేదు. మాస్టారు ఇంకెప్పుడూ ఎవర్నీ ముక్కు పట్టుకోమనలేదు. హైమావతి మాత్రం చాన్నాళ్ళు ఆ పిల్ల చెంపకేసి చూడలేకపోయింది.

కథేమో కంచికి, కునుకేమో కంటికి,
కప్పేద్దాం దుప్పటి మా బుజ్జితల్లి ఒంటికి.