దడి ఎత్తు

కొర్లయ్య గురువుగారికి కూర్చున్న చోటునుంచి జవాబు చెప్పే అలవాటు లేదు. ఎవరైనా వచ్చి "ఇందులో తప్పేముంది?" అని అడిగితే, బాగుచేస్తున్న వల పక్కన పెట్టి, అడిగినవాణ్ణి వెంటబెట్టుకుని ఆ పని జరిగిన చోటికే నడిచేవారు. మా మత్స్యకారుల పేటలో పుట్టి, నలభై ఏళ్ళు వేటకు వెళ్ళి, ఆ తర్వాత మాకు తత్వం చెప్పిన మనిషి ఆయన. ఆ రోజు అడిగినవాడు తాతారావు. వల రెండో కొస పట్టుకుని నేనూ అక్కడే ఉన్నాను. కోపం చల్లారాక రాద్దామనుకున్నాను. చల్లారలేదు, అందుకని ఇలాగే రాస్తున్నాను.

తాతారావు మా పేటవాడే. ఫోన్లో దారి చూపించే మ్యాపుల కంపెనీ ఒకదానిలో డ్రైవరుగా చేరాడు. వాడి కారు మీద ఒక పొడుగాటి గొట్టం, దాని కొసన నాలుగు వైపులా చూసే కెమెరా. వీధి వీధీ తిరిగి ఇళ్ళ ఫోటోలు తీయడం దాని పని. మాఘమాసంలో ఆ కారును మా వీధిలోనూ తిప్పాడు. వైశాఖంలో ఆ బొమ్మలు అందరి ఫోన్లలోకీ వచ్చాయి. మా ఇళ్ళకు స్నానాల గదులు లేవు. వాకిలి పక్కన తాటాకు దడి, దడి వెనక నీళ్ళ కుండ, అంతే. ఆ బొమ్మల్లో ఒకదానిలో, దడి వెనక, నూకరత్నం నీళ్ళు పోసుకుంటోంది.

ముఖం మసక చేశారట. ఎంత దయ! తలుపు మీద ఇంటి నంబరు మసక చేయలేదు, గోడ మీద ఆమె మొగుడు రాయించుకున్న పడవ పేరూ మసక చేయలేదు. ఇక ఆ ముఖం ఎవరిదో తెలియనిది ఎవరికి? పక్క ఊళ్ళ మగవాళ్ళు ఆ బొమ్మను ఒకరికొకరు పంపుకున్నారు. చేపల సంతలో ఒకడు ఆమెకే ఫోను చూపించి నవ్వాడు. ఆ రోజు నుంచి నూకరత్నం గంప ఎత్తలేదు, గడప దాటలేదు. పదకొండు రోజులుగా వంటింట్లో తలుపు గడియ వేసుకుని, కట్టుకున్న చీర మీదే చెంబుతో నీళ్ళు పోసుకుంటోంది. దడి చాటున తొంగిచూసిన మగవాడు ఎవడైనా దొరికితే వాడి వీపు మా పేట చీరేసేది. ఇలా తొంగిచూసినందుకు మాత్రం కంపెనీ నెలనెలా జీతం ఇస్తోంది.

తాతారావు వచ్చింది అందుకే. పేటలో ఎవరూ తనతో మాట్లాడ్డం లేదని వాడి బాధ. "వీధి అందరిదీ గదా గురువుగారూ! వీధిలోంచి అవుపడిందే తీసినాం. ఇందులో తప్పేటుంది?" అన్నాడు.

గురువుగారు లేచి మా ఇద్దర్నీ వెంటబెట్టుకుని నూకరత్నం ఇంటిదాకా నడిచారు. దడి దగ్గర ఆగి, "దానికి వీపు ఆన్చి నిలబడు" అన్నారు. తాతారావు నిలబడ్డాడు. ఆకు కొస వాడి నెత్తికి జానెడు పైన ఉంది.

ఇక్కడ మా పేట పద్ధతి ఒకటి చెప్పాలి. ఏటా వానలకు ముందు పాత దడులు విప్పి కొత్తవి కడతాం. అప్పుడు పేటలో అందరికన్నా పొడుగాటి మగవాణ్ణి పిలిచి నిలబెడతారు. అతని నెత్తి మీద జానెడు పైకి ఆకు కడతారు. అతనికి కనబడకపోతే ఇంకెవరికీ కనబడదని ధైర్యం. పదేళ్ళుగా ఆ పొడుగాటి మనిషి తాతారావే. ఇంటింటికీ వెళ్ళి బుద్ధిగా నిలబడి, వాళ్ళిచ్చిన టీ తాగి వచ్చేవాడు. వీధిలో ఆడవాళ్ళందరూ వాడి ఎత్తును నమ్ముకునే స్నానాలు చేస్తున్నారు.

"ఈ దడి ఎవుల ఎత్తుకి కట్టినారు?" అని అడిగారు గురువుగారు.

"నా ఎత్తుకే."

"మరి నీ కారు ఎత్తెంత?"

తాతారావు తలెత్తి ఆకు కొసకేసి చూశాడు. మూసి ఉన్న తలుపు దగ్గరికి వెళ్ళాడు. "చెల్లీ, నాను సూడనేదు. ఒట్టు. నా కళ్ళు దారి మీదున్నాయి. తీసింది ఆ మిసను" అన్నాడు.

లోపల్నించి నూకరత్నం గొంతు వినబడింది. "నువ్వు సూసినా బాగుణ్ణు అన్నా. మనిసివి గదా, సిగ్గుపడి మొగం తిప్పుకుందువు. అది తిప్పుకోనేదు." మళ్ళీ తనే, "ఆ బొమ్మ తీయించెయ్యి" అంది.

తీయించడానికి కంపెనీవాళ్ళ దారి ఒకటుంది. ఆ బొమ్మ తెరిచి, ఏది వద్దో దాని చుట్టూ గీత గీసి, ఎందుకు వద్దో రాసి పంపాలి. తాతారావు నసుగుతూ ఈ సంగతి చెప్పాడు. వింటున్న నాకు ఒళ్ళు మండిపోయింది. తీసేటప్పుడు వాళ్ళకు ఎవరి అనుమతీ అక్కర్లేకపోయింది. చెరపమనడానికి మాత్రం ఆ మనిషి తన ఒంటి చుట్టూ తన వేలితోనే గీత గీసి, ఇదిగో ఇది నేనే అని చూపించాలి! ఈ పద్ధతి కనిపెట్టినవాడి ఇంట్లో ఆడవాళ్ళు లేరా?

"నీ కాడ ఫోను నేదు గదా. నువ్వు ఊఁ అంటే నానే గీత గీసి పంపుతాను" అన్నాడు తాతారావు.

"అంటే నువ్వు సూడాల."

వాడి తల వాలిపోయింది. "అవును చెల్లీ. సూడాల. పంపమంటావా?"

లోపల్నించి మాట లేదు. ఎండ వాకిట్లోకి వచ్చింది. తాతారావు జేబులోంచి ఫోను తీసి, మళ్ళీ జేబులో పెట్టుకుని, ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారాడు. గురువుగారు తలుపుకు వీపు తిప్పి అరుగు మీద కూర్చున్నారు.

చివరికి వాడు ఉండబట్టలేక, "ఇంకా ఎంతసేపు గురువుగారూ?" అన్నాడు.

"అడిగినావు గదా" అన్నారు ఆయన. "అడిగినోడు ఆగాల."