తలారి చేతి రూకలు

ఏమయ్యా, కథ వినడానికి వచ్చావా, పక్కవాడి సంచిలో ఏముందో చూడడానికి వచ్చావా? ఇందాకటినుంచి గమనిస్తున్నాను. వాడు వంకాయలు కొన్నాడో, వల్లకాటి సామాను కొన్నాడో నీకెందుకు? కళ్ళు ఇటు తిప్పి విను. నీలాంటి బుద్ధే ఒకప్పుడు ఒక రాజుకు పుట్టింది.

వేగవరం రాజు కేతనుడు ఒకనాడు తాంబూలం నములుతూ సభలో ఇలా అన్నాడు.

"నా రాజ్యంలో ప్రతి రూకా ఎవరి చేతినుంచి ఎవరి చేతికి పోతున్నదో నాకు తెలియాలి."

కోశాధికారి తిప్పన ఇలాంటి మాట కోసమే కాచుకుని ఉన్నాడు. వెంటనే శాసనం రాయించాడు. ఆ దేశంలో పశువులకు వాత వేసేందుకు ఇంటింటికీ ఒక గుర్తు ఉంది. ఇకమీదట వెండి రూక ఎవరి చేతిలో పడినా, వాళ్ళ ఇంటి గుర్తును దానిమీద ఉలితో కొట్టాలి.

కొద్దిరోజుల్లోనే రూకల మీద రాజుగారి ముఖం పోయి మశూచి మచ్చలు మిగిలాయి.

అంతటితో ఆగినా బాగుండేది. జనం గుర్తులు చదవడం నేర్చుకున్నారు. "ఈ ఇంటి రూక మాటిమాటికీ వైద్యుడి దగ్గరికి పోతున్నది, వాళ్ళ పిల్లను చేసుకోకండి" అని సంబంధాలు చెడగొట్టారు. తలారి సింగడి ఇంటి గుర్తు ఉరితాడు. ఆ గుర్తున్న రూకను ఎవరూ ముట్టలేదు. రాజాజ్ఞ ప్రకారమే ఉరి తీసి, రాజుగారిచ్చిన జీతంతో వాడు బియ్యం కొనుక్కోలేకపోయాడు.

అప్పుడు కొందరు చప్పుడు చేయకుండా కంచరి వీధికి వెళ్ళారు. అక్కడ పైడమ్మ అనే పెద్దావిడ కంచుబిళ్ళలు పోయించేది. ఆ వీధివాళ్ళు ఉప్పూ పప్పూ కొనుక్కునే బిళ్ళలవి. రాజధానిలో సగం మంది వాటి పేరైనా వినలేదు. వాటిమీద ఏ గుర్తూ ఉండదు, ఎవరూ కొట్టరు.

సంగతి తిప్పన చెవిన పడింది. పైడమ్మను సభకు రప్పించాడు.

"ప్రభూ, ఇది దొంగల సొమ్ము. ఈమె కొలిమి పగలగొట్టించి, వీధినంతా ఊరవతలకు తోలించండి."

రాజు ఆమెను అడిగాడు. "ఏమ్మా, గుర్తు లేకపోతే అసలేదో నకిలీ ఏదో ఎలా తెలుస్తుంది?"

"రాతిమీద వేస్తాం మహారాజా. మోగితే అసలు. తెచ్చినవాడెవడని రాయి అడగదు."

"మీ ఇష్టం వచ్చినన్ని పోసుకుంటేనో?"

"ఏడాదికి ఒక్కసారే పోస్తాం, అందరూ చూస్తుండగా. ఎన్ని పోశామో అందరికీ తెలుసు. ఎవరేం కొనుక్కున్నారో ఎవరికీ తెలియదు. ఎవరి చేతిలోంచి వచ్చినా కంచు కంచే కదా!"

తిప్పన మీసం దువ్వాడు. "తప్పు చేయనివాడికి దాపరికం దేనికి?"

రాజు వెనక తాంబూలం పళ్ళెం పట్టుకుని నూకన్న నిలబడి ఉన్నాడు. ఆకు మడిచి ఇవ్వడం అతని ఉద్యోగం. అడిగితే సలహా కూడా ఇస్తాడు. అడక్కపోయినా ఇస్తాడు.

"కోశాధికారిగారూ, తమరు తలుపు మూసుకుని భోంచేస్తారట. ఎందుకండీ?"

"దిష్టి తగులుతుందనిరా!"

"ఆహా. అంటే ఆ అన్నం దొంగిలించింది కాదన్నమాట."

సభ కిసుక్కుమంది. తిప్పన ముఖం కందగడ్డ అయింది.

"వేళాకోళం చాలు నూకన్నా, నేను తీర్పు చెప్పాలి" అన్నాడు రాజు.

"రేపు చెప్పండి ప్రభూ. ఇవాళ జీతాల రోజు. కోశాధికారిగారి జీతం సింగడి చేత ఇప్పించండి, చాలు."

రాజుకు ఇదేదో తమాషాగా తోచి సరేనన్నాడు. సింగడు సంచి విప్పి, దోసిళ్ళతో రూకలు తీసి తిప్పన ముందు పోశాడు. సభలో చేతులు మారే రూకలకు గుర్తులు కొట్టేందుకు కూర్చున్న ముద్రలవాడు ఉలి పట్టుకుని లేచాడు.

"ఆగరా! వాడు అందించేవాడే, సొంతదారు కాడు!" అని అరిచాడు తిప్పన.

"చేతిలో పడిన ప్రతి రూకకూ కొట్టాలని తమరే రాయించారండీ."

ముద్రలవాడు సాయంత్రం దాకా ఉరితాడు గుర్తు కొట్టాడు. పనిమంతుడు.

మర్నాడు తిప్పన మనవడికి అన్నప్రాసన. నేతి కొట్టువాడు రూక తిప్పి చూసి వెనక్కి తోశాడు.

"ఉరితాడున్న రూక నా గల్లాపెట్టెలో పడితే రేపు నా కొట్టుకెవరొస్తారండీ?"

పాలవాడూ అంతే, పూలవాడూ అంతే. పురోహితుడు దక్షిణ పళ్ళెం చూసి, తనకు వేరేచోట ముహూర్తం ఉందన్నాడు. తిప్పన రూకల సంచితో సభకు పరుగెత్తాడు.

"ప్రభూ, పసివాడి పాయసంలోకి గరిటెడు నెయ్యి పుట్టడం లేదు!"

"ఏం, రూకలు తూకం తగ్గాయా?"

"లేదు ప్రభూ."

"వెండి కాదా?"

"మేలిమి వెండి! ఎవడి చేతిలోంచి వస్తే ఏమిటి ప్రభూ? వెండి వెండే కదా!"

నూకన్న ఆకుకు సున్నం రాస్తూ, తలెత్తకుండా అన్నాడు.

"నిన్న ఈ మాటే అన్న పైడమ్మను ఊరవతలకు తోలమన్నారు. తమరికి బండి కట్టించమంటారా, నడిచి వెళతారా?"

రాజు నవ్విన నవ్వుకు నోట్లో తాంబూలం పొలమారింది. సింగడు నవ్వడం ఆ సభ మొదటిసారి చూసింది. శాసనం రద్దయింది. పైడమ్మ కొలిమి నిలిచింది. నూకన్నకు రాజు తన చేతి కడియం తీసి ఇచ్చాడు.

పాడైన రూకలన్నీ కరిగించి మళ్ళీ ముద్ర వేయించే ఖర్చు తిప్పన నెత్తిన పడింది. అది కట్టడానికి ఇంట్లో వెండి పళ్ళాలన్నీ అమ్ముకున్నాడు. కొన్నవాళ్ళు కంచుబిళ్ళలిచ్చి కొన్నారు. వాళ్ళెవరో ఎంత ఆరా తీసినా ఆయనకు తెలియలేదు.