బిగించిన గంట

ఒక కొండ కింద కార్ల కర్మాగారం ఉండేది. అక్కడ కారు స్టీరింగును తనంతట తానే తిప్పే మరచెయ్యిని ఒకదాన్ని తయారుచేశారు.

కొండదారిలో నలభై మలుపులు. వారంలో పాతిక సార్లు దిగితే వెయ్యి మలుపులు. "వెయ్యింటిలో తప్పులు అయిదుకు మించకపోతే జనానికి అమ్ముదాం" అన్నాడు యజమాని. లెక్క ఎవరు చూస్తారని అడిగేలోపే ఒక అమ్మాయి చెయ్యెత్తింది. ఆమె పనిలో చేరి మూడు నెలలే అయింది. అంకెలు ఆమెకు నాలుక మీదే ఉండేవి.

ఆమె స్టీరింగుకు ఒక గంట అమర్చింది. మరచెయ్యి దారి తప్పితే డ్రైవరు స్టీరింగును లాగుతాడు. లాగితే గంట మోగుతుంది. ముప్ఫై ఏళ్లుగా ఆ కొండ ఎక్కి దిగుతున్న ముసలి డ్రైవరును కూచోబెట్టారు. ఆయన రెండు చేతులూ స్టీరింగు మీద ఊరికే ఆనించి కూచునేవాడు.

మొదటి వారం గంట రెండువందల పన్నెండు సార్లు మోగింది.

"తప్పుల గంటా, బడి గంటా అది?" అన్నాడు యజమాని.

అమ్మాయి ముఖం మాడిపోయింది. గోతుల్లో కుదుపుకు కూడా గంట మోగుతోందని కనిపెట్టి, ఇంకాస్త గట్టిగా లాగితేనే మోగేలా గంట స్ప్రింగు బిగించింది. అందులో అబద్ధమేమీ లేదు. రెండో వారం నలభై ఏడు. ఆమె మళ్లీ బిగించింది. ఈసారి గోతుల సంగతి ఆమెకు గుర్తుకే రాలేదు. మూడో వారం మూడు. యజమాని మిఠాయిలు పంచి, ఆమె పేరు బోర్డు మీద రాయించాడు.

ఈ మూడు వారాల్లో మరచెయ్యిని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు.

చివరిసారి దిగేటప్పుడు యజమాని వెనక సీట్లో కూచున్నాడు. అమ్మాయి డ్రైవరు పక్కన కూచుంది.

"మొదటి కారు మా పిల్లకే ఇస్తున్నారమ్మా. కొండమీద ఆసుపత్రిలో నర్సు. రోజూ ఇదే దారి" అన్నాడు డ్రైవరు. "నేనైతే దాన్ని సైకిలు కూడా తొక్కనిచ్చేవాణ్ణి కాదు. మీ లెక్కలో మూడు చూసి ఒప్పుకున్నాను."

అప్పుడే ఆయన చెమట తుడుచుకోవడానికి చెయ్యెత్తాడు. బొటనవేలి మొదట్లో కొత్త బొబ్బ కనిపించింది.

"అదేంటి బాబాయ్? నడిపేది మీరు కాదుగా?"

"ఏమోనమ్మా. కూచుని తినే చేతికి వచ్చే జబ్బేమో."

యజమాని నవ్వాడు. అమ్మాయి నవ్వలేకపోయింది.

"వచ్చే మలుపులో చేతులు ఒళ్లో పెట్టుకుంటారా బాబాయ్? ఆ ఒక్కటే" అంది. తన చెయ్యి మాత్రం స్టీరింగు దగ్గర ఉంచుకుంది.

ఆయన వెంటనే పెట్టుకున్నాడు. మూడంటే ఆయనకు అంత నమ్మకం.

స్టీరింగు తిరగడం మొదలుపెట్టింది. వెన్నలా తిరిగింది. తిరిగి, రెండు వేళ్లంత తక్కువలో ఆగిపోయింది. కారు నిదానంగా లోయవైపు జరిగింది. అమ్మాయి రెండు వేళ్లతో స్టీరింగును నెట్టింది. టీ కప్పు పక్కకి జరపడానికి పట్టేంత బలమే పట్టింది. కారు దారిలోకి వచ్చింది.

గంట మోగలేదు.

"మోగలేదుగా?" అన్నాడు యజమాని. "అయితే మూడే."

తీసివేతలు ఆమెకు చిటికెలో పని. నలభై ఏడులోంచి మూడు పోతే నలభై నాలుగు. అవెక్కడికీ పోలేదు. ఆయనకే తెలియకుండా ఆయన అరచేతిలో చేరాయి. రేపటి నుంచి ఆ చెయ్యి కారులో ఉండదు.

"బాబాయ్, ఆపండి."

ఆయన కారు పక్కకి ఆపాడు. ముందు తన అరచెయ్యి చూసుకున్నాడు. తర్వాత ఆమె రెండు వేళ్లు చూశాడు.

"మా పిల్లకి ఏం చెప్పమంటారమ్మాయిగారూ?" అన్నాడు. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది ఆమెకు.

ఆమెకు చెవులదాకా వేడెక్కింది. సంచిలోంచి స్క్రూడ్రైవరు తీసి, రెండోసారి బిగించిన చుట్లన్నీ ఒక్కొక్కటే వెనక్కి తిప్పింది.

"ఏం చేస్తున్నావమ్మాయ్?" అన్నాడు వెనక నుంచి యజమాని.

డ్రైవరు ఎప్పటిలాగే స్టీరింగు మీద చేతులు ఆనించాడు. కారు కదిలింది. మలుపు వచ్చింది.

గంట మోగింది.