డైనా వాళ్ళ హోప్‌వెల్

మీరు ఊఁ కొడితేనే చెబుతాను. వింటే మీకూ ఒళ్ళు మండుతుంది.

అనగనగా, సముద్రాల అవతల అమెరికాలో, బానిసతనం వదిలిన జనం కొందరు ఒక బీడులో గుడిసెలు వేసుకున్నారు. తాగడానికి నీళ్ళు లేవు. ఒకచోట తవ్వితే రాయి. ఇంకోచోట తవ్వితే ఉప్పు. మూడోచోట అమోస్ అనేవాడు దిగి తవ్వాడు. తియ్యటి నీళ్ళు పడ్డాయి.

"ఊరికి హోప్‌వెల్ అని పేరు పెట్టండర్రా!" అని లోపలినుంచే కేకేశాడు. అంటే ఆశల బావి అని. అంతలో మట్టి విరిగి మీద పడింది. మనిషి దక్కలేదు.

అతని భార్య డైనా. వాళ్ళవీ వీళ్ళవీ బట్టలుతికి బతికేది.

డైనా ముసలిదయ్యేనాటికి రైలొచ్చింది. రైలు వెంట డబ్బున్నవాళ్ళొచ్చారు. కాస్త దూరంలో మేడలు కట్టి, తమ ఊరికీ హోప్‌వెల్ అనే పేరు పెట్టుకున్నారు. ఒకే పేరుతో రెండూళ్ళుంటే ఉత్తరాలు తారుమారవుతాయట! అందుకని ముందు పుట్టిన ఊరే పేరు మార్చుకోవాలట! ఏం న్యాయమండీ ఇది?

తపాలా అధికారి వచ్చి, పేరు వదులుకోమని అడిగాడు. అందరూ తల దించుకున్నారు. డైనా లేచింది.

"ఆ పేరు పెట్టి నా మొగుడు పోయాడు. ఇవ్వను."

రైల్వే దొర వచ్చాడు. "మీకు కొత్త చర్చి కట్టిస్తాం."

"ఆ పేరు పెట్టి నా మొగుడు పోయాడు. ఇవ్వను."

మూడోసారి పోలీసులొచ్చారు. వాళ్ళు అడగనే లేదు. స్టేషన్లో పేరుబోర్డు పీకి, వేరే పేరు కొట్టిపోయారు.

డైనా తెల్ల దుప్పటి మీద నీలిమందుతో హోప్‌వెల్ అని పెద్దగా రాయించింది. వచ్చే ప్రతి రైలుకీ ఎదురుగా పట్టుకుని నిలబడింది. ఎండైనా అంతే, మంచైనా అంతే. ముసలిదాన్ని పట్టుకెళ్ళి చలికాలమంతా జైలు కొట్లో పడేశారు. దుప్పటి చింపేశారు. దగ్గుతో తిరిగొచ్చి మంచాన పడింది.

పక్కింటి లూసిండా ఏడుస్తుంటే, "ఏడుపెందుకే? ఇంకో దుప్పటి లేదూ?" అంది డైనా. అదే ఆఖరి మాట.

మర్నాడు రైలు వచ్చేసరికి పట్టాల పక్క ప్రతి ఇంటి దండెం మీదా ఒక దుప్పటి. ప్రతి దుప్పటి మీదా అదే పేరు. ఎన్నని చింపుతారు?

ఇప్పుడు ఆ దేశంలో హోప్‌వెల్‌లు బోలెడు. "మీది ఏ హోప్‌వెల్?" అంటే, ఈ ఊరివాళ్ళు "డైనా వాళ్ళది" అంటారు. పటంలో మాత్రం ఆ ఊరికి దొరలు పెట్టిన పేరే ఉంది. ఆ పేరుతో పిలిచి చూడండి. ఈనాటికీ అక్కడ ఒక్కరూ పలకరు.