మంచు కురిసిన పొద్దున సుకిరి నడక

అనగనగా మన్యం కొండల మీద, మబ్బులు ఇళ్ళలోకి వచ్చిపోయేంత ఎత్తులో ఒక ఊరుండేది. ఇరవై గడపలు. ఆ ఇరవై గడపలకీ అవతల, కాఫీ తోట మొదలయ్యే చోట ఒక గుడిసె. అందులో సుకిరి అని ఒకావిడ ఒక్కతే ఉండేది.

సుకిరి మొగుడు జ్వరమొచ్చి పోయి ఆరేళ్ళయింది. పిల్లల్లేరు. ఊళ్ళోవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు నాన్నా. ఎదురైతే నవ్వేవాళ్ళు. తోటలో పనుంటే పిలిచేవాళ్ళు. కానీ ఏ పనీ లేకుండా, ఊరికే ఆవిడ గుమ్మం దాకా వచ్చేవాళ్ళు మాత్రం లేరు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్క మాటైనా మాట్లాడకుండా గడిచిపోయే రోజులు ఆవిడకి చాలా ఉండేవి.

ఒక ఏడాది చలి బాగా ముదిరింది. అప్పుడు ఒకరోజు తెల్లారుతూ ఉండగా సుకిరి తలుపు తీసింది. తీసి అలాగే నిలబడిపోయింది.

ఊరంతా తెల్లగా ఉంది. మనం చూసే పొగమంచు కాదు. పైనుంచి దూదిలా రాలి, నేల మీద పేరుకుపోయే మంచు. ఆ ఊళ్ళో ఎవరూ, వాళ్ళ తాతలు కూడా అలాంటిది చూడలేదు. ఇదేం కీడో అని అందరూ భయపడ్డారు. ఎవరూ గడప దాటొద్దని ఊరిపెద్ద ఇంటింటికీ కబురు పంపాడు. ఆ కబురు ఇరవయ్యో గడప దగ్గరే ఆగిపోయింది. సుకిరికి చెప్పాలని ఎవరికీ తోచలేదు.

సుకిరి గోనెసంచి చింపి కాళ్ళకి చుట్టుకుంది. గొంగళి కప్పుకుంది. బిందె చంకన పెట్టుకుని నీళ్ళకోసం కొండవాగుకి బయల్దేరింది.

అడుగేస్తే కరకరమంటోంది. అది తప్ప ఎక్కడా చప్పుడు లేదు. కోడి కుయ్యలేదు, కుక్క మొరగలేదు. కాస్త దూరం పోయాక కాఫీ తోట దగ్గర ఆగింది. ఎర్రటి పళ్ళ మీద తెల్లటి టోపీలు పెట్టినట్టు మంచు. "చూశావా," అంది పక్కకి తిరిగి. పక్కన ఎవరూ లేరు. ఆరేళ్ళయినా ఆ అలవాటు పోలేదు ఆవిడకి.

ఆ తర్వాత ఇంకాస్త నడిచి మళ్ళీ ఆగింది. దారికి అడ్డంగా కుందేలు గెంతుకుంటూ పోయిన గుర్తులు. సుకిరి వెనక్కి తిరిగి చూసుకుంది. గుడిసె దగ్గర్నుంచి ఒకటే వరస అడుగులు, తనవే. ఎవరో తోసినట్టు బయటికొచ్చి, ఎవరూ తోడు రాకుండా నడిచినట్టున్నాయి. చూస్తుంటే ఆవిడకి తన మీద తనకే జాలేసింది.

మూడోసారి వాగు మలుపులో ఆగింది. అక్కడ మంచులో మనిషి అడుగులున్నాయి. చెప్పుల్లేని పాదాలు. పక్కనే కర్ర పొడిచిన గుంటలు. ఆ అడుగులు సంతకి దిగే పాతదారి పట్టి, కొంతదూరం పోయి, దారి వదిలేసి లోయవైపు తిరిగాయి.

సుకిరి బిందె కింద పెట్టేసింది. ఆ అడుగుల వెంటే పరిగెత్తింది.

లోయ అంచున ఒక బండ కింద పోలమ్మవ్వ ముడుచుకుని కూర్చుని ఉంది. ఆవిడ ఊరిపెద్ద తల్లి. వయసు మీదపడి అన్నీ మరిచిపోతూ ఉండేది. ఇంట్లోవాళ్ళేమో గొంగళి కింద నిద్రపోతోందనుకున్నారు. ఆవిడ చీకటుండగానే లేచి వచ్చేసింది. పాదాలు నీలంగా మారిపోయాయి. పెదాలు వణుకుతున్నాయి.

సుకిరిని చూడగానే ఆ ముఖం విప్పారింది.

"మాలచ్చీ, వచ్చినావా? ఎంతసేపట్నుంచి కూకున్నానే నీ కోసం."

మాలచ్చి ఆ ముసలమ్మ చెల్లెలు, అక్కని అప్పా అని పిలిచేది. చిన్నప్పుడే చనిపోయింది. ఊళ్ళో అందరికీ తెలుసు ఆ సంగతి.

సుకిరి ఒక్క క్షణం తటపటాయించింది. కాదంటే ఈవిడ కదలదు. కదలకపోతే బతకదు.

"వచ్చానప్పా. ఇంటికి పోదాం పద," అంది.

తన గొంగళి తీసి ముసలమ్మకి చుట్టింది. కాళ్ళ గోనె విప్పి ఆ నీలం పాదాలకి కట్టింది. ఆ తర్వాత వీపున ఎక్కించుకుని, ఒట్టికాళ్ళతో మంచులో ఎక్కడం మొదలుపెట్టింది.

దారిలో మూడుసార్లు ఊపిరి తీసుకోవడానికి ఆగింది. మొదటిసారి ముసలమ్మ, "ఆకలేస్తోందేటే?" అని అడిగింది. "లేదప్పా," అంది సుకిరి. రెండోసారి సుకిరి చెయ్యి పట్టి తడిమి, "ఇంత గరుకుగా అయిపోయిందేటే? అన్ని పనులూ నువ్వే చేస్తన్నావా?" అంది. ఆ చెయ్యి ఎలా ఉందని అడిగినవాళ్ళు ఎవరున్నారు గనక.

మూడోసారి ఆగినప్పుడు ముసలమ్మ సుకిరి చెవిలో మెల్లగా అడిగింది.

"ఆ రోజు నిన్నొదిలేసి సంతకి ఎళ్ళిపోనాను. తిరిగొచ్చేసరికి నువ్వు లేవు. నా మీద అలిగినావా?"

సుకిరి కళ్ళంట నీళ్ళు కారాయి.

"అలగలేదప్పా. ఎప్పుడూ అలగలేదు."

ముసలమ్మ నిట్టూర్చి ఆవిడ భుజం మీద తల వాల్చింది.

ఊరిపెద్ద ఇంట్లో అప్పటికే గగ్గోలు. కోడలు చిలకమ్మ ఎదురొచ్చి అత్తని దింపుకుంది. కుంపటి తెచ్చి పాదాలకి కాపడం పెట్టింది. సుకిరికి వేడివేడి చోడి అంబలి, అదే రాగి జావ, పోసిచ్చి, "కాళ్ళు చూడు ఎలా అయిపోయాయో, ఇలా మంట దగ్గరికి రా వదినా," అంది.

ఒళ్ళు వేడెక్కాక ముసలమ్మ కళ్ళు తెరిచింది. "మాలచ్చేదే?" అంది. సుకిరి దగ్గరికి వెళ్ళి కూర్చుంది. ముసలమ్మ ఆవిడ ముఖంలోకి తేరిపార చూసి, కోడలివైపు తిరిగి, "ఈవిడెవరే?" అని అడిగింది.

సుకిరి లేచి అంబలి గిన్నె కడిగి బోర్లించి, గుడిసెకి వెళ్ళిపోయింది. మధ్యాహ్నానికి ఎండొచ్చింది. మంచు కరిగి అడుగులన్నీ బురదలో కలిసిపోయాయి. గుడిసెలో ఎప్పటిలాగే ఎవరూ లేరు. ఆ ప్రేమంతా మాలచ్చిది, నేను తీసేసుకున్నాను అనిపించి, ఆ పూట సుకిరికి ముద్ద దిగలేదు.

మర్నాడు పొద్దున్నే లేచి, తల దువ్వుకుని ఊరిపెద్ద ఇంటికి వెళ్ళింది. ముసలమ్మ అరుగు మీద ఎండలో కూర్చుని ఉంది.

"ఎవరివే నువ్వు?"

"సుకిరినవ్వా. కాఫీ తోట పక్క గుడిసెలో ఉంటాను."

"సుకిరివా," అంది ముసలమ్మ. "నిలబడ్డావేటే సుకిరీ, కూకో."

ఆ మర్నాడు వెళ్తే మళ్ళీ అడిగింది, ఎవరివే నువ్వని. సుకిరి మళ్ళీ చెప్పింది. ముసలమ్మ బతికున్న రెండేళ్ళూ అంతే నాన్నా. సుకిరి రోజూ తన పేరు చెప్పేది. ముసలమ్మ ఆ పేరుతో రోజూ పిలిచి పక్కన కూర్చోబెట్టుకునేది. ఆ తర్వాత సుకిరి లేచి, ఒక్కతే ఇంటికి నడిచి వెళ్ళేది.

కథ వెళ్ళింది కంచికి,
మంచు వెళ్ళింది మింటికి,
సుకిరి వెళ్ళింది ఇంటికి,
నిద్ర రావాలి నీ కంటికి.