ఈరమ్మవ్వ ఇటుక

మధ్యాహ్నం మూడింటిలోగా నామినేషను వెనక్కి తీసుకోవాలి. సాలమ్మ చేతిలో ఆ కాగితం చెమటకు మెత్తబడిపోయింది.

ఎనిమిదేళ్లుగా ఎగువ వీధికి కుళాయి పైపు రాలేదు. అందుకే వీధివాళ్లంతా కలిసి, ఏ పార్టీ లేకుండా, సాలమ్మను వార్డు కౌన్సిలరుగా పోటీకి నిలబెట్టారు. పొద్దున్నే వార్డు పెద్ద కొండయ్య రాసి తెచ్చిన కాగితం చాప మీద పడేశాడు.

"సంతకం చేసి నువ్వే ఆఫీసులో ఇచ్చిరా. లేదంటే రేపట్నుంచి బస్టాండు కాడ మీ ఆయన శెనక్కాయల బండి ఉండదు. నలుగురిలో నోరు తెరవలేనిదానివి, నీకెందుకమ్మా ఈ కౌన్సిలు?"

బండి మాటకు భయమేసింది. రెండో మాట ముల్లులా దిగింది, అది నిజం కాబట్టి.

సంతకమైతే పెట్టింది. ఆఫీసుకని బయలుదేరిన కాళ్లు గురువు ఓబుళయ్య కొట్టం వైపు మళ్లాయి. తత్వాలు పాడుకునే ముసలాయన. పదేళ్లుగా ఆయన భజనలో వెనక వరసలో కూర్చుని పెదాలు మాత్రం కదిపే శిష్యురాలు సాలమ్మ.

"సామీ, రెండున్నరైంది. నిలబడమంటారా, మానుకోమంటారా?"

ఓబుళయ్య బిందె చంకనెత్తుకున్నాడు.

"నీళ్లొచ్చే యాళైంది. నడు."

కింది వీధి కుళాయి దగ్గర మనుషులంతా గోడ నీడలో కూర్చున్నారు. ఎండలో వాళ్ల బదులు బిందెలు, బకెట్లు, ఒక పాత చెప్పు వరసగా ఉన్నాయి. మూడోది ఇటుక. దాని మీద బొగ్గుతో గీసిన మూడు గీతలు. రాలేనివాళ్లు ఇలా ఏదో ఒకటి పెట్టిస్తారు. వంతొచ్చినప్పుడు ఎవరో ఒకరు వాళ్లకు పట్టిచ్చిపోతారు.

ఓబుళయ్య ఆ ఇటుకను కాలితో పక్కకు నెట్టి, తన బిందె పెట్టాడు.

నీడలో గుసగుసలు లేచాయి. గురువుగదా, ఎవరూ పైకి అనలేదు. ఎవరైనా అంటారేమోనని సాలమ్మ చూసింది. 

"సామీ, అది ఈరమ్మవ్వది," అంది మెల్లగా.

"వినపళ్లా."

"ఈరమ్మవ్వ ఇటుక సామీ! తియ్యొద్దు!"

ఆ గొంతుకు వీధంతా తిరిగి చూసింది.

"యాడుంది మీ అవ్వ?"

"మంచంలో. లేవలేదు."

"మరి ఈ ఇటుకకు మాటలొస్తాయా, వచ్చి నన్నడగడానికి?"

"మాటలెందుకు సామీ? అది ఆడుంటే చాలు. వంతు అవ్వదే."

ఓబుళయ్య బిందె తీసుకుని వరస చివరికి పోయి నిలబడ్డాడు.

ఇంతలో కొండయ్య మోటారుసైకిలు వచ్చి ఆగింది.

"ఇంకా ఈడనే ఉన్నావా? పదే నిమిషాలు! ఎక్కు ఎనక!"

సాలమ్మ ఇటుకను ఎత్తి, చీర కొంగుతో దుమ్ము తుడిచి, మూడో చోట పెట్టింది. నేల ఎగుడుదిగుడు. ఇటుక ఊగింది.

"శెనక్కాయల బండి సంగతి గుర్తుందా?"

"ఉందన్నా."

చేతిలో కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ఇటుక కిందికి తోసింది. అరచేత్తో నొక్కి చూసింది.

ఇక కదల్లేదు.